కనెక్షన్ ఎవరి పేరు మీద?

టీవీ మీద మన విమర్శ దాదాపు అంతా తెర మీద బొమ్మ దగ్గరే ఆగింది. సీరియళ్లలో అత్తల కుట్రలు, కోడళ్ల కన్నీళ్లు, ప్రకటనల్లో చొక్కా మరక పోగానే జన్మ ధన్యమైనట్టు నవ్వే తల్లులు, స్త్రీల మీద జరిగే హింసని వార్తల్లో నంజుకుని తినే తీరు - వీటి గురించి స్త్రీవాదులు చాలా రాశారు. ఇంకా రాయాల్సిందీ ఉంది. కానీ ఆ బొమ్మ ఇంట్లోకి ఏ దారిన వస్తోంది, ఆ దారికి తాళం ఎవరి దగ్గరుంది అన్న ప్రశ్నని మాత్రం "అదంతా టెక్నికల్" అని పక్కన పెట్టేశాం. టెక్నికల్ అనగానే మగవాళ్ల సంగతి అనుకుని ఒక అడుగు వెనక్కి వేసే అలవాటు ఇళ్లలోనే కాదు, విమర్శలోనూ ఉంది.

అందుకే ఈ వ్యాసంలో నేను టీవీ గురించి కాక దాని కింద అరలో దుమ్ము కొట్టుకుని పడుండే పెట్టె గురించి మాట్లాడదల్చుకున్నాను. సెట్ టాప్ బాక్స్ అంటారు. టీవీలు పలకల్లా పల్చబడి గోడకెక్కాక వాటి నెత్తిన పెట్టెని పెట్టే చోటే లేదు, పేరొక్కటే మిగిలింది. అందులోనూ ఆ పెట్టెని మార్చే సందర్భం మీదే నా దృష్టి. పెట్టె సవ్యంగా పనిచేస్తున్నంత కాలం అది ఎవరిదని ఇంట్లో ఎవరూ అడగరు. ఉమ్మడి ఇంట్లో పొలం ఎవరి పేరున ఉందో పంపకాల రోజున తెలిసినట్టు, కనెక్షన్ ఎవరిదన్నది పాత పెట్టె తీసి కొత్తది పెట్టాల్సిన రోజున తెలుస్తుంది.

ఈ దేశంలో ఉపగ్రహం నుంచి నేరుగా బొమ్మని అందుకున్న మొదటి పెట్టెలు ఇళ్లలోకి రాలేదు. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా ఏడాది పాటు ఇస్రో, నాసా కలిసి సైట్ అనే ప్రయోగం చేశాయి. ఆరు రాష్ట్రాల్లో 2400 గ్రామాలు, వాటిలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలు కూడా ఉన్నాయి. కోళ్ల గూళ్లకి కట్టే వలలాంటి తీగవలతో చేసిన పది అడుగుల గొడుగు యాంటెన్నా, దాని కింద ఒక సామూహిక టీవీ. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ ఆ కార్యక్రమాల్లో ముఖ్యమైనవి. ఎమర్జెన్సీ రోజుల్లో కుటుంబ నియంత్రణ గురించి స్త్రీలకి ఆకాశం నుంచి పాఠం చెప్పడమన్నది విడిగా రాయాల్సిన సంగతి. ఇక్కడ నాకు కావలసింది ఒక్కటే. ఆ పెట్టె బడిలోనో, పంచాయతీ ఆఫీసులోనో ఉండేది. తాళం ఒక సంరక్షకుడి దగ్గర ఉండేది. పెద్దల కార్యక్రమాలు సాయంత్రం పూట వచ్చేవి. పొయ్యి వెలిగించే వేళ, పశువులు ఇంటికొచ్చే వేళ బడి దాకా వెళ్లి కూర్చునే తీరిక ఎవరికి ఉంటుంది? కార్యక్రమం ఎవరి కోసమో వాళ్లకీ పెట్టెకీ మధ్య దూరం అప్పుడే మొదలైంది.

ఆ తర్వాత దూరదర్శన్ రోజులు. మా తరం వాళ్లకి అందరికీ గుర్తుండే దృశ్యం ఒకటుంది. మగపిల్లాడో, నాన్నో మేడ మీదకెక్కి యాంటెన్నా తిప్పుతుంటారు. లోపల టీవీ ముందు అమ్మో, అక్కో నిలబడి కిటికీలోంచి అరుస్తుంటారు. "వచ్చిందా?" "వచ్చింది... పోయింది... కొంచెం ఇటు... ఆఁ ఆఁ, కదపకు!" పని చేసినట్టు కనిపించేది పైన ఉన్నవాడు. నిజానికి బొమ్మని చూసి, మచ్చల తేడా కనిపెట్టి, ఎటు తిప్పాలో చెప్పింది కింద ఉన్న మనిషి. ఆ మనిషి సిగ్నల్ మీటరు. ఎవరూ ఆమెని మెకానిక్ అనలేదు. ఇప్పటి డిష్ అబ్బాయిల దగ్గర చేతిలో పట్టుకునే సిగ్నల్ మీటర్లు ఉన్నాయి గానీ చాలా ఇళ్లలో ఆ కేకలు ఇంకా వినిపిస్తూనే ఉంటాయి.

ఇళ్ల మీదకి చిన్న డిష్షులు రావడం 2003లో మొదలైంది. డిష్ టీవీ ఆ ఏడాది, దూరదర్శన్ వారి ఉచిత డైరెక్ట్ ప్లస్ 2004 డిసెంబరులో, టాటా స్కై 2006లో, సన్ డైరెక్ట్ 2007లో, ఆ వెనకే మిగతావి వచ్చాయి. 2008 నాటికి రికార్డు చేసుకునే పెట్టె, 2010లో హెచ్‌డీ పెట్టె వచ్చాయి. కేబులు ఉన్న ఇళ్లకి కూడా పెట్టె తప్పనిసరి చేస్తూ చట్టాన్ని 2011లో సవరించారు. హైదరాబాదు, విశాఖపట్నం రెండో దశలో ఉన్నాయి కాబట్టి 2013 మార్చి 31 గడువు. అంటే పదేళ్లలో ఒక మధ్యతరగతి ఇల్లు రెండు మూడు పెట్టెలు మార్చింది. మా వీధిలో నాకు తెలిసిన ఏ ఇంటి అటక చూసినా కనీసం రెండు చచ్చిన పెట్టెలుంటాయి. వైర్లు చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, పక్కనే రిమోటు పెట్టి దాచింది ఎవరో చెప్పక్కర్లేదు. "ఎప్పుడైనా పనికొస్తుంది" అన్న మాట కూడా ఆవిడదే.

ఇన్నిసార్లు ఎందుకు మార్చాల్సి వచ్చింది? బొమ్మ బాగుంటుందని అన్నారు. హెచ్‌డీ విషయంలో అది నిజమే, అయితే టీవీ కూడా దానికి తగ్గది ఉండాలి. ఎరుపు, తెలుపు, పసుపు వైర్లు మాత్రమే పట్టే పాత డబ్బా టీవీకి హెచ్‌డీ పెట్టె తగిలించి, తేడా తెలియక, తెలియలేదని చెబితే చిన్నతనమని ఊరుకున్న ఇళ్లు నేను చూశాను. కానీ ఎక్కువ మార్పులకి అసలు కారణం వేరు. ఉపగ్రహంలో ట్రాన్స్‌పాండర్లకి అద్దె కట్టాలి, చోటు తక్కువ. మొదటి పెట్టెలు చదివే ఎంపెగ్-2 అనే పద్ధతి కన్నా తర్వాత వచ్చిన ఎంపెగ్-4లో సమాచారాన్ని బాగా కుదించవచ్చు. సుమారుగా అదే చోటులో రెట్టింపు చానళ్లు పడతాయి. పాత పెట్టె ఆ కొత్త భాషని చదవలేదు. కాబట్టి పెట్టె మార్చుకోవాలి. అంటే ఇది చాలావరకు కంపెనీ అవసరం. దాన్ని మన ఇంటి ముచ్చటగా మార్చి చెప్పే మాటే "అప్‌గ్రేడ్". ఈ మాటకి తెలుగులో ఎవరూ మాట కల్పించుకోలేదు, అవసరమూ పడలేదు. కానీ అందులో ఒక మెట్టు ఎక్కుతున్న భావం ఉంది. ఎక్కకపోతే కింద ఉండిపోయినట్టు. ఇంటి పరువుకి అది తగులుతుంది. పరువు సంగతి వచ్చిందంటే నిర్ణయం ఎవరి చేతుల్లోకి వెళ్తుందో మనకి తెలుసు.

ఇప్పుడు ఫోను వస్తుంది. మధ్యాహ్నం పూట, ఇంట్లో ఆవిడ ఎత్తుతుంది. "మేడం, సార్ ఉన్నారా?" లేరు, ఏంటో చెప్పండి అంటుంది. "సార్‌తోనే మాట్లాడాలి మేడం, అకౌంట్ ఆయన పేరు మీద ఉంది, కన్ఫర్మేషన్ కావాలి." సాయంత్రం సార్ వస్తారు, ఫోనులో సరే అంటారు. అక్కడితో సార్ పని అయిపోయింది. మిగతాదంతా ఆవిడది. పది నుంచి రెండు లోపల వస్తామంటే ఆ నాలుగు గంటలు బయటికెళ్లకుండా కూర్చోవాలి. వాళ్లు రారు, మర్నాడు మళ్లీ కూర్చోవాలి. టీవీ వెనకాల దుమ్ము దులపాలి, లేకపోతే వచ్చిన కుర్రాడు ఏమనుకుంటాడు! మేడ తాళం ఇంటివాళ్ల దగ్గర అడిగి తేవాలి. ఒంటరిగా ఉన్నప్పుడు కొత్త మగమనిషి ఇంట్లోకి వస్తాడు కాబట్టి పక్కింటావిడని కాసేపు రమ్మని పిలవాలి. కుర్రాడికి మంచినీళ్లివ్వాలి. పాపం వాడూ ఎండలో మేడలెక్కి దిగి, పెట్టెకింత అని లెక్కకట్టి ఇచ్చే కూలికి తిరిగేవాడే. వాడు అడిగే వివరాలకి ఫోనులో సార్‌ని పట్టుకోవాలి. ఆయన మీటింగులో ఉంటాడు. ఓటీపీ ఆయన ఫోనుకే వెళ్తుంది. కుర్రాడు గడియారం చూసుకుంటూ నిలబడతాడు. ఆ పది నిమిషాలు ఆ హాల్లో నిలబడ్డ ఇద్దరికీ చేతులు కట్టేసినట్టే ఉంటుంది.

రూత్ ష్వార్జ్ కోవన్ 1983లో రాసిన 'మోర్ వర్క్ ఫర్ మదర్' పుస్తకం గుర్తొస్తుంది. ఇంటిపనిని తగ్గిస్తామని వచ్చిన యంత్రాలు అమెరికా ఇళ్లలో తల్లి పనిని తగ్గించలేదని, పని స్వభావాన్ని మార్చి కొత్త పనులు తెచ్చిపెట్టాయని ఆవిడ చరిత్ర తవ్వి చూపించింది. కోవన్ మాట్లాడింది బట్టలుతికే యంత్రాలు, పొయ్యిల గురించి. వినోదాన్నిచ్చే యంత్రం కూడా పని తెస్తుందని మన హాళ్లలో చూస్తే తెలుస్తుంది. తేడా ఏమిటంటే, బట్టలుతికే యంత్రానికి నీళ్లు పట్టడం పని అని కనీసం ఒప్పుకుంటారు. పెట్టె కోసం కాచుకుని కూర్చోవడాన్ని "ఇంట్లోనే ఉన్నావుగా" అంటారు.

పెట్టె మారాక అసలు చదువు మొదలవుతుంది. మా అత్తగారికి ఇంగ్లీషు అక్షరాలు రావు, అంకెలు వచ్చు. ఆవిడకి టీవీ అంటే అంకెల వరస. ఏ నెంబరు నొక్కితే భక్తి, ఏ నెంబరు నొక్కితే సీరియలు, ఏ నెంబరు నొక్కితే పాత సినిమాలు అన్నది ఆవిడ చేతివేళ్లకి తెలుసు. కళ్లద్దాలు పెట్టుకోకుండా నొక్కేది. కొత్త పెట్టె వచ్చిన రోజున ఆ నెంబర్లన్నీ మారిపోయాయి. మూడంకెలు నాలుగంకెలయ్యాయి. రిమోటు మీద బొత్తాల చోటు మారింది. ఏది నొక్కినా తెర మీద ఇంగ్లీషులో ఒక చీటీ వచ్చి కూర్చుంటుంది, అది పోవాలంటే ఏం చెయ్యాలో ఆ చీటీలోనే ఇంగ్లీషులో రాసుంటుంది. ఆవిడ నాలుగైదు రోజులు టీవీ చూడ్డం మానేసింది. విసుగు వల్ల కాదు. ఏదో నొక్కితే ఏదో పాడైపోతుందని, అప్పుడు కొడుకు ఏమంటాడోనని. ఒక నిరక్షరాస్య స్త్రీ తనంతట తాను కట్టుకున్న చదువుని ఒక మధ్యాహ్నంలో తుడిచేసి, దాన్ని ముందుకెళ్లడం అన్నారు.

తర్వాత నా కోడలు ఒక తెల్ల అట్టముక్క మీద పెద్ద అంకెలతో కొత్త నెంబర్లు రాసి, ఒక్కోదాని పక్కన ఒక్కో బొమ్మ వేసి - దేవుడికి దీపం, సీరియలుకి బొట్టు, సినిమాకి మీసం - సోఫా చేతికి అంటించింది. కంపెనీ ఇచ్చిన యూజర్ మాన్యువల్ మడత విప్పకుండా సొరుగులో పడుంది. ఈ రెండింట్లో ఏది మంచి రచన అని సాహిత్య విమర్శకురాలిగా నన్నడిగితే సందేహం లేకుండా అట్టముక్కే అంటాను. అది పాఠకురాలిని దృష్టిలో పెట్టుకుని రాసింది.

రికార్డింగు సంగతి ఇంకా కష్టం. రికార్డు చేసుకునే పెట్టెల్లో మనం దాచుకున్నవి ఆ పెట్టెకీ ఆ కార్డుకీ కట్టుబడి తాళం వేసి ఉంటాయి, ఇంకో పెట్టెలోకి ఎక్కించుకునే వీలుండదు. పెట్టె మారితే అవి పోయినట్టే. నా మిత్రురాలు ఒకావిడ తన కూతురు పదకొండేళ్ల వయసులో ఒక పాటల పోటీ కార్యక్రమంలో పాడిన రెండు ఎపిసోడ్లు అలా దాచుకుంది. చుట్టాలు వచ్చినప్పుడల్లా పెట్టి చూపించేది. ఆఫరు బాగుందని భర్త పెట్టె మార్పిడికి ఒప్పుకున్నాడు, కుర్రాడు పాతది పట్టుకెళ్లాడు. ఆవిడ స్కూలు నుంచి వచ్చేసరికి అయిపోయింది. ఆమె భర్త చెడ్డవాడేమీ కాదు, ఆ పెట్టెలో ఏముందో ఆయనకి తెలియదు, అంతే. పెళ్లి ఆల్బం అటక మీద నుంచి తీసి ఎవరికైనా ఇచ్చేముందు ఏ మగవాడైనా భార్యని అడుగుతాడు. ఇది అలాంటి వస్తువని ఆయనకి తోచలేదు, ఎందుకంటే అది "పెట్టె".

ఇంటి యంత్రాల మీద జెండర్ గీత ఎలా పడుతుందో ఇంగ్లండులో కొందరు ముందే చూశారు. డేవిడ్ మోర్లీ 1986లో లండన్‌లో 18 కుటుంబాలని పరిశీలించి, రిమోటు ఎక్కువగా తండ్రి చేతిలోనే ఉంటుందని రాశాడు. ఏన్ గ్రే 1992లో అచ్చయిన తన పుస్తకంలో ఉత్తర ఇంగ్లండు స్త్రీలని వీసీఆర్ గురించి అడిగింది. ఇంట్లో యంత్రాలకి రంగులేస్తే ఏది గులాబీ, ఏది నీలం అని అడిగితే, వీసీఆర్‌లో టైమరు పెట్టే భాగం నీలమైంది. అంతకన్నా ఆసక్తికరమైన సంగతి ఇంకొకటి ఆమె గమనించింది. కొందరు స్త్రీలు టైమరు పెట్టడం కావాలనే నేర్చుకోలేదు. నేర్చుకుంటే అది కూడా తమ పనైపోతుందని వాళ్లకి తెలుసు. లెక్క వేసుకుని తెలియనట్టు ఉండటం అన్నమాట.

ఇది చదివినప్పుడు నవ్వొచ్చింది, మన ఇళ్లలోనూ ఇలాంటి తెలివిగల అజ్ఞానాలు బోలెడు. కానీ పెట్టె విషయంలో మన దగ్గర జరిగేది దీనికి తలకిందులు. మన స్త్రీలకి తెలుసు. వాన గట్టిగా పడితే బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోతుందని, అది పెట్టె తప్పు కాదని, కాసేపాగితే వస్తుందని తెలుసు. కార్డు తీసి పైటతో తుడిచి మళ్లీ పెడితే ఏ తప్పు పోతుందో తెలుసు. రీచార్జి ఏ తారీఖున అయిపోతుందో తెలుసు. తెలియడానికీ అధికారానికీ మధ్య ఉండాల్సిన ముడి ఇక్కడ లేదు. నేర్చుకుంటే పని మీద పడుతుంది, నిజమే. ఇక్కడ పని ఎలాగూ పడింది, నేర్చుకోవడమూ అయింది, పేరు మాత్రం రాలేదు. పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు ఇంటిపనిలో పడి తన పేరే మర్చిపోతుంది. ఈ పెట్టె కథలో ఆమెకి తన పేరు బాగానే గుర్తుంది. కంప్యూటరులో లేదు.

మా పెద్దమ్మ సంగతి చెప్పాలి. కృష్ణా జిల్లాలో చిన్న ఊరు. డిష్ పెట్టించింది పెదనాన్న, 2009లో. నెలనెలా డబ్బు కట్టింది పెద్దమ్మ, పాలు పోసిన డబ్బుల్లోంచి. ఊళ్లో ఫోను రీచార్జి కొట్టు దగ్గరకి వెళ్లి కార్డు నెంబరు నోటితో చెప్పేది. అన్ని అంకెలూ ఆవిడకి కంఠతా వచ్చు. 2014లో పెదనాన్న పోయారు. ఆయన ఫోను కొన్నాళ్లు అలమరాలో ఉండి, రీచార్జి లేక నెంబరు పోయింది. టీవీకి ఏమీ కాలేదు, ఆవిడ కడుతూనే ఉంది, అది వస్తూనే ఉంది. 2016లో తెర మీద ఒక చీటీ రావడం మొదలైంది. మీ పెట్టె పాతది, ఫలానా తేదీ తర్వాత పనిచెయ్యదు, ఉచితంగా మారుస్తాం, మీ రిజిస్టర్డ్ మొబైలు నుంచి ఫోను చెయ్యండి అని.

ఆ మొబైలే లేదు. వేరే నెంబరు నుంచి చేస్తే అవతలి అమ్మాయి చాలా మర్యాదగా అకౌంటు హోల్డరుతో మాట్లాడాలి అంది. ఆయన పోయారమ్మా అని పెద్దమ్మ చెప్పింది. అయితే పేరు మార్పిడికి దరఖాస్తు పెట్టాలి, మరణ ధ్రువపత్రం కావాలి, ఆయన గుర్తింపు కార్డు, మీ గుర్తింపు కార్డు పంపాలి అంది. పత్రాలు పంపించాం. అందలేదన్నారు. మళ్లీ పంపించాం. ప్రతిసారీ కొత్త గొంతు, ప్రతిసారీ మొదటి నుంచి చెప్పాలి, ఆయన ఎప్పుడు పోయారో. నాలుగోసారికి పెద్దమ్మ ఫోను నా చేతికిచ్చేసి, "బతికున్నప్పుడు ఆయన ఒక్కసారి కట్టలేదు, పోయాక కూడా ఆయన్నే అడుగుతారేంటే" అంది. గడువు తేదీ రాత్రి బొమ్మ ఆగిపోయింది. బెంగళూరులో ఉన్న మా అన్నయ్య అర్ధగంటలో ఇంకో కంపెనీ కనెక్షను తీసుకున్నాడు, తన పేరు మీద, తన నెంబరు మీద. ఆయన ప్రేమగానే చేశాడు. పొలం పాసు పుస్తకం భర్త పేరు మీద నుంచి కొడుకు పేరు మీదకి ఎలా వెళ్తుందో ఇదీ అలాగే వెళ్లింది. మధ్యలో ఒక మనిషి ఉందన్న గుర్తు రికార్డుల్లో ఎక్కడా లేదు.

టీవీ కనెక్షనుకి ఇంత గోలా, భూమి హక్కులు, ఆస్తి హక్కులు లేని దేశంలో ఇదొక సమస్యా అని అడిగేవాళ్లుంటారు. నేను రెండూ ఒకటే బరువని అనడం లేదు. అయినా రోజుకి నాలుగు గంటలు ఒంటరి ముసలి మనిషికి తోడున్న గొంతులు ఒక రాత్రి ఆగిపోవడం చిన్న విషయమని ఆ ఇంట్లో కూర్చుని అనలేం. పైగా పెద్ద ఆస్తుల విషయంలో ఏ తర్కం నడుస్తుందో చిన్న వస్తువుల విషయంలోనూ అదే నడుస్తుంది. చిన్నవాటిలో అది సిగ్గుపడకుండా కనిపిస్తుంది.

టీవీ స్త్రీలకి ఏమిస్తుందన్న చర్చలో రాబర్ట్ జెన్సెన్, ఎమిలీ ఆస్టర్ 2009లో ప్రచురించిన అధ్యయనాన్ని చాలామంది ఉదహరిస్తారు. 2001-03 మధ్య కొన్ని రాష్ట్రాల గ్రామాలకి కేబుల్ టీవీ వచ్చాక భార్యని కొట్టడం సబబేనని స్త్రీలు అనడం తగ్గిందని, కొడుకే కావాలన్న కోరిక తగ్గిందని, తమ నిర్ణయాలు తాము తీసుకోవడం పెరిగిందని వాళ్లు తేల్చారు. సీరియళ్లని తిట్టిపోయడమే విమర్శ అనుకునేవాళ్లు ఈ అధ్యయనంతో కుస్తీ పట్టాల్సిందే. పూర్ణిమా మంకేకర్ 1999 పుస్తకంలో ఢిల్లీ ప్రేక్షకురాళ్లని కళ్లప్పగించి చూసే గుంపుగా కాక, చూస్తూ ఆలోచించే, పోట్లాడే మనుషులుగా చూపించింది కూడా. కానీ జెన్సెన్, ఆస్టర్‌ల లెక్కలో ముఖ్యమైనది ఊళ్లోకి కేబుల్ రావడం. ఊళ్లోకి వచ్చిన తీగ ఏ ఇంట్లో ఎవరి చేతిలో ఆగింది అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్న అడగడానికి 2019 మంచి సందర్భం.

ఆ ఏడాది ఫిబ్రవరి నుంచి ట్రాయ్ కొత్త ధరల పద్ధతి అమల్లోకి వచ్చింది. అప్పట్లో వంద చానళ్ల వరకు 130 రూపాయలు, పన్ను అదనం, ఆపైన కావలసిన పే చానళ్లని ఎంచుకుని ఒక్కోదానికి డబ్బు కట్టాల్సి వచ్చేది. ప్యాకేజీలో కలపాలంటే చానలు ధర 19 రూపాయలకి మించకూడదు. వినియోగదారుడికి స్వేచ్ఛ అన్నారు. వినియోగదారుడంటే మళ్లీ అకౌంటు ఎవరి పేరున ఉంటే వారే. చాలా ఇళ్లలో భర్త ఫోనులో యాప్ తెరిచి జాబితా ముందేసుకున్నాడు. అంతకుముందు ఒకే మొత్తంలో కలిసిపోయి ఉన్నవాటికి మొదటిసారి విడివిడిగా ధర చీటీ వేలాడింది. క్రికెట్టుకి ఇంత, వార్తలకి ఇంత, నీ సీరియలుకి ఇంత. ఆటల చానళ్లు ఇంటి ఖర్చు, సీరియలు చానలు ఆవిడ ఖర్చు. "అంత అవసరమా?" అన్న ప్రశ్న ఏ వరస దగ్గర వచ్చిందో చదివేవాళ్లే ఊహించుకోగలరు. నాకు తెలిసిన ఒక లెక్చరరు, ఇంట్లో సగం ఈఎంఐ కట్టే మనిషి, తన చానలు జాబితాలోంచి పోయిన సంగతి వారం తర్వాత తెలుసుకుని, గొడవెందుకని ఊరుకుని ఫోనులో చూడ్డం మొదలుపెట్టింది. ఫోను చిన్నది, కానీ అది తన పేరు మీద ఉంది.

పాత పెట్టె ఎక్కడికి వెళ్తుందన్నది కూడా గమనించాలి. కొత్తది హాల్లో పెట్టగానే పాతది, ఇంకా బతికుంటే, అత్తగారి గదిలోకో వంటింట్లోకో చేరుతుంది, రెండో కనెక్షనుగా. నిన్నటి కూర ఎవరి కంచంలోకి వెళ్తుందో అదే దారి. ఇంకొంచెం కింద పనమ్మాయి ఇల్లు ఉంది. మా అపార్టుమెంటులో ఒకావిడ 2018లో తన పాత పెట్టెని, రిమోటుతో సహా, పనిచేసే అమ్మాయికి ఇచ్చింది. మంచి మనసుతోనే. ఆ అమ్మాయి మెకానిక్కుకి డబ్బిచ్చి డిష్షు పెట్టించుకుంటే పెట్టె పలకలేదు. అది వేరే అకౌంటుకి కట్టేసి ఉంది, ఆ అకౌంటు ఆ ఇంటి సారుది. విడిపించాలంటే సారు ఫోను చెయ్యాలి. ఆయనని అడగడానికి ఆ అమ్మాయికి మొహమాటం, గుర్తుచెయ్యడానికి ఇంటావిడకి తీరిక లేదు. చివరికి బజార్లో ఫ్రీ డిష్ పెట్టె కొనుక్కుంది. ఒకసారి డబ్బు పెడితే నెలనెలా కట్టక్కర్లేదు, పేరు చెప్పక్కర్లేదు, ఓటీపీ లేదు. ఆమె చూడాలనుకున్న సీరియలు అందులో రాలేదు, అది వేరే విషయం. ఆ అపార్టుమెంటులో ఎవరి అనుమతీ అక్కర్లేని టీవీ ఆమెదొక్కటే. పేదరికం ఇచ్చిన ఆ స్వేచ్ఛని చూసి నేను మురిసిపోవడం లేదు. మధ్యతరగతి స్త్రీవాదం తన ఇంటి హాలుని కొలబద్దగా పెట్టుకుంటే ఇలాంటివి కనిపించవని మాత్రం చెప్పాలి.

పెట్టెని కంపెనీకి కట్టెయ్యకూడదని మొదట్లోనే అనుకున్నారు. డీటీహెచ్ లైసెన్సు షరతుల్లోనే పెట్టె ఓపెన్ ఆర్కిటెక్చరుతో ఉండాలని, ఒక కంపెనీ పెట్టె ఇంకో కంపెనీకి పనికొచ్చేలా ఉండాలని రాశారు. ఆచరణలో కాలేదు. 2020 ఏప్రిల్లో ట్రాయ్ మళ్లీ అదే సిఫార్సు చేసింది. 2023 మొదట్లో టీవీలోనే శాటిలైట్ ట్యూనరు ఉండేందుకు ప్రమాణం కూడా వచ్చింది. ఈ చర్చలన్నీ ఈ కంపెనీకీ ఆ కంపెనీకీ మధ్య వాడకందారుడి స్వేచ్ఛ గురించి. ఇంట్లో ఒకే పెట్టెని వాడే ఇద్దరి మధ్య ఏముందో వాటి పరిధిలోకి రాదు. కనెక్షను ఇద్దరి పేరు మీద ఎందుకు ఉండకూడదు? గ్యాసు కనెక్షనుని ఉజ్వల పథకంలో 2016 నుంచి స్త్రీల పేరు మీదే ఇచ్చారు. పొయ్యి కాబట్టి ఇచ్చారని నాకు అనుమానం. బ్యాంకు ఖాతాకి జాయింటు పేరు ఉంటుంది, నామినీ ఉంటారు. నెలనెలా డబ్బు కట్టేవాళ్లని, కార్డు నెంబరు కంఠతా వచ్చినవాళ్లని, ఆ అకౌంటులో రెండో పేరుగా రాసుకోవడానికి కొత్త ఉపగ్రహమేమీ అక్కర్లేదు, దరఖాస్తులో ఒక గడి చాలు.

ఇప్పుడొస్తున్న పెట్టెల్లో ఇంటర్నెట్టు కూడా ఉంది. సినిమాలు, సిరీసులు చూపించే యాప్‌లలో ఒక్కొక్కరికి ఒక్కో ప్రొఫైలు పెట్టుకోవచ్చు. నేను చూసిన ఇళ్లలో ప్రొఫైళ్లు ఇలా ఉన్నాయి: ఇంటాయన పేరు, పిల్లల పేర్లు, కిడ్స్. ఇంకో ఇంట్లో "మమ్మీ" అని ఒకటుంది, ఆవిడ అసలు పేరు కాదు గానీ ఏదో ఒకటి.

పెద్దమ్మ ఇంట్లో ఈ పెట్టె ఉంది ఇప్పుడు. పోయినేడు అన్నయ్య వచ్చి మార్పించాడు. మాటతో పనిచేసే రిమోటు, బొత్తం నొక్కి పేరు చెబితే చాలు. పెద్దమ్మ దాన్ని పక్కన పెట్టి, పాత పద్ధతిలో నెంబర్లు నొక్కుతోంది. కార్డు నెంబరు కొత్తది కూడా నేర్చేసుకుంది. రీచార్జి కొట్టుకి ఆవిడే వెళ్తుంది. డబ్బు అందినట్టు మెసేజి మాత్రం బెంగళూరు వెళ్తుంది.